పదిహేడో నంబరు ఇల్లు

గుణుపురం తాలూకా కచేరీలో
జనాభా లెక్కకని నా చేతికిచ్చినవి మూడు:
గీతలు కొట్టిన కాగితాల కట్ట,
నీళ్లలో కలుపుకునే సిరాపొడి,
తారు డబ్బా.
కుంచె నన్నే చూసుకోమన్నారు.

ఈతమట్ట నలగ్గొట్టి కుంచె చేసుకున్నాను.
కొండ మీది మూడు సవర గూడేల్లో
అరవై ఇళ్లకి అంకెలు వేశాను,
తారు వాసనకి ముక్కులు మూసుకుంటూ
వెనకాలే పిల్లలు.
మర్నాడు చూస్తే సగం అంకెలు
పేడతో అలికేసి ఉన్నాయి.

బారిక దండాసి నవ్వలేదు.
"పంతులుగారూ, ఈళ్లకి తెలిసిన పుస్తకం ఒకటే,
సావుకారుది.
అందులో పేరెక్కినోడు మరి దిగడు.
కందులు పోతాయి, చింతపండు పోద్ది,
ఆకర్న మెట్టు పొలం పోద్ది.
పేరు మట్టుకు ఉంటాది."

మళ్లీ వేశాను. తారు ఇంకాస్త చిక్కగా.

పదిహేడో ఇంటి వాకిట్లో
సొంబారి ఇప్పపువ్వు ఆరబోస్తోంది.
వయసెంతని అడిగించాను.
ఆమె చాలాసేపు చెప్పింది.
దండాసి నాకు కొంచెమే చెప్పాడు:
"ఎదురు పూసిన ఏడు నడకొచ్చిందట."
యాభై అయిదు అని రాశాను.
ఎందుకో దిద్ది అరవై చేశాను.

మతం గడిలో
పైవాళ్లు ముందే చెప్పిన మాట రాశాను.
భాష గడిలో, సవర.
ఆ భాషలో మాట మధ్య గొంతు
ఒక్క క్షణం ఆగుతుంది,
వాగు దాటేవాడు నడిమి రాయి మీద
కాలు ఆనించి చూసుకున్నట్టు.
ఆ ఆగడానికి
నా యాభయ్యారు అక్షరాల్లో గుర్తు లేదు.
వాళ్ల గూడెం పేరులో అది రెండుసార్లు వస్తుంది.
రెండుసార్లూ వదిలేసి రాశాను.

ఇంట్లో ఎందరు?
తొమ్మిది వేళ్లు చూపింది.
లోపల చూస్తే ఒక మనవడు,
పొయ్యి పక్కన మేకపిల్ల.
తక్కినవాళ్లు?
గోడ చూపింది.

ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఒక ఇల్లు.
దువ్వెన పళ్లలా వరసగా మనుషులు,
జీలుగుచెట్టు ఎక్కుతూ ఒకడు,
కుండ నెత్తినెట్టుకుని ఒకతె,
ఆమె కొంగు పట్టుకుని వేలెడంత పిల్ల.
"పెద్దజ్వరం ఏడు పోనారు" అన్నాడు దండాసి.
ఆగి,
"పోనారని నానంతన్నాను. ఆవిడ అన్లేదు."

లెక్క రాత్రి ఆ కప్పు కింద
పడుకునేవాళ్లనే రాయాలని రూలు.
రెండు వరసలు నింపాను.
ఆమెకి చదువు రాదు, వరసలు లెక్కపెట్టడం వచ్చు.
"మరి తక్కినోళ్ల కూడు
రోజూ ఎవరు తింతన్నారంట?"

నేను చెప్పలేకపోయాను.
వంశధార ఒడ్డు వీధిలో
నా ఇంటి కాగితం నేనే నింపుకుని వచ్చాను.
ఒక్కడు. భార్య లేదు.
అదే జ్వరం.
ఆమె పేరు రాయడానికి గడి వెతికాను కూడా,
సిగ్గులేకుండా, కాగితం రెండు వైపులా.

వెన్నెల రాత్రి చూసి ఆఖరి లెక్కకి
లాంతరుతో మళ్లీ ఎక్కాను.
గోడ మీద కొత్త బొమ్మ:
గొడుగు, చేతిలో డబ్బా, కుంచె.
కుడన్‌ని పిలిచి వేయించిందట.
నా పక్కన, భుజందాకా వచ్చేటంత,
ఇంకో మనిషి.

ఎవరని అడిగాను.
దండాసి అడిగి వచ్చాడు.
"ఒంటరిగా కొండెక్కినోడు మంచికి రాడట.
తోడు గీయించీసింది."

నేను ఎవరికీ చెప్పలేదు. దండాసికి కూడా.

దిగుదామంటే లాంతర్లో నూనె లేదు.
ఆ అరుగు మీదే నడుం వాల్చాను.
లోపల మేకపిల్ల కాళ్ల చప్పుడు,
పులిసిన కల్లు వాసన.
రూలు రూలే కనక లేచి
గుణుపురంలో నా ఇంటి అంకె కొట్టేసి
సున్నా పెట్టాను.
పదిహేడో నంబరు ఇల్లు: ముగ్గురు.

ఆ కింద వరస మీద కలం
ఒక్క క్షణం ఆగింది.
దానికీ గుర్తు లేదు.